మూడు నెలల అత్తయ్య రివ్యూలు

ఒక మాట ముందే చెప్పేస్తాను. తర్వాత దాచిపెట్టానని నన్నెవరూ అనకూడదు. ఈ కథలో మామయ్య కుడి మణికట్టు విరుగుతుంది. అది విరగడానికి కారణం మూడంటే మూడు మాటలు. ఆ మూడు మాటలూ మింగేసింది నేనే. ఇక చదవండి.

మామయ్య అంటే మా అత్తయ్య భర్త, అత్తయ్య అంటే మా నాన్నకి స్వయానా అక్క. తూకం మిషన్లు సరిచూసే వర్క్‌షాపులో ముప్పై ఒక్క ఏళ్ళుగా పనిచేస్తోంది. కొట్ల వాళ్ళు, మందుల షాపుల వాళ్ళు, పార్సిల్ ఆఫీసుల వాళ్ళు తమ మిషన్లు తెచ్చి ఆవిడ బల్ల మీద పెడతారు. ఆవిడ తెల్ల గ్లవ్స్ తొడుక్కుని పెట్టెలోంచి ఇత్తడి తూకం రాళ్ళు ఒక్కొక్కటే తీసి పళ్ళెం మీద పెడుతుంది. మధ్యలో పెట్టి ఊరుకోదు. ముందు మధ్యలో, తర్వాత నాలుగు మూలలా పెట్టి చూస్తుంది. "మధ్యలో పెడితే ఎంత దొంగ మిషనైనా బుద్ధిగానే చూపిస్తుందే. మూలకి జరిపితే కదా దాని సంగతి తెలిసేది" అంటుంది.

మనుషుల విషయంలోనూ అంతే. మా అన్నయ్య పెళ్ళైన వారానికి మా అమ్మ ఆశగా అడిగింది, "కోడలు పిల్ల ఎలా ఉంది వదినా?" అని. అత్తయ్య చేతి గడియారం చూసుకున్నట్టు గోడ మీది క్యాలెండర్ చూసి, "ఇంకా మూడు నెలలు కాలేదుగా" అంది. వంటింట్లో ఉన్న మా వదిన అది విననే విన్నది. ఎనిమిదేళ్ళైంది, ఇప్పటికీ ఆ మాట ఎత్తుతూనే ఉంటుంది. నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు చుట్టాలందరూ ఫోన్ల మీద ఫోన్లు చేశారు. అత్తయ్య చెయ్యలేదు. సరిగ్గా మూడు నెలలు నిండిన రోజున ఠంచనుగా ఫోన్ చేసి, "ఉద్యోగం వచ్చినందుకు సంతోషమే" అంది. అప్పటికి నేను ఆ ఉద్యోగం మానేసి నాలుగు రోజులైంది. అలా మా ఇళ్ళల్లో ఆవిడకి మూడు నెలల అత్తయ్య అని పేరు పడిపోయింది.

రివ్యూల గొడవ మొదలైంది ఒక కరెంటు కెటిల్ దగ్గర. ఐదు స్టార్లున్నాయని మామయ్య ఆన్‌లైన్లో తెప్పించాడు. నలభయ్యో రోజున దాని అడుగునుంచి నీళ్ళు కారడం మొదలైంది. అత్తయ్య నన్ను పిలిపించి, "ఆ ఐదు స్టార్లు ఇచ్చినవాళ్ళు ఏం రాశారో చదువు" అంది. చదివాను. "పార్సిల్ టైముకి వచ్చింది, ఐదు స్టార్లు." "రంగు చాలా నచ్చింది." "ఇంకా డబ్బా తెరవలేదు, బాగుంటుందనే అనుకుంటున్నాం." ఒకావిడ ఒక స్టారే ఇచ్చింది, ఎందుకంటే కొరియర్ వాళ్ళు మూడో అంతస్తుకి ఎక్కి ఇవ్వలేదట. ఇంకెవరో పాపం, "హ్యాండిల్ వేడెక్కుతుందా?" అని అడిగితే ఒకాయన జవాబిచ్చాడు, "నాకు తెలీదండీ, నేను కొనలేదు" అని.

అత్తయ్య నుదురు కొట్టుకుంది. "తెలీదని చెప్పడానికి పనిగట్టుకుని వచ్చాడా మహానుభావుడు? మా వర్క్‌షాపులో ఎవరైనా ఇలా సర్టిఫికెట్ రాసిస్తే గేటు బయట నిలబెడతారు."

"అయితే నువ్వే రాయి అత్తయ్యా" అన్నాను, ఏదో మాటవరసకి. నోరు కట్టేసుకుని ఉండాల్సింది. మరుసటి ఆదివారం నుంచి నా ఉద్యోగాలు రెండయ్యాయి. వారం రోజులూ రవాణా కంపెనీ ఆఫీసులో బిల్టీలు, అదే సరుకు రసీదులు, టైపు చెయ్యడం, ఆదివారం అత్తయ్య చెప్పింది టైపు చెయ్యడం. తెర చూస్తే ఆవిడకి కళ్ళలోంచి నీళ్ళు కారతాయి. అందుకని పొడుగాటి రూళ్ళ నోట్‌బుక్‌లో చేత్తో రాసుకునేది. ఎడమవైపు పేజీలో వస్తువు ఏ తారీఖున కొన్నదీ, ఏం వాగ్దానం చేసి అమ్మారో. కుడివైపు పేజీలో రోజులు గడిచేకొద్దీ అది చేసిన నిర్వాకాలు. మూడు నెలలు నిండాక కింద మొత్తం రివ్యూ రాసి, నాకు చదివి వినిపించేది. సైటులో పేరేం పెట్టమంటావంటే మామయ్య పక్కగదిలోంచి అరిచాడు, "మూడు నెలల అత్తయ్య అని పెట్టండి, ఇంకేముంది!" అని. అదే పెట్టాం.

బాగుంది అనే మాట ఆవిడ రాయనిచ్చేది కాదు. "బాగుందంటే ఏమిటి? నాకు బాగుందా, నీకు బాగుందా, అమ్మినవాడికి బాగుందా? అది ఏం చేసిందో చెప్పు. బాగుందో లేదో చదివినవాళ్ళు తేల్చుకుంటారు." కొత్త కెటిల్ గురించి ఇలా రాయించింది: రోజుకి నాలుగుసార్లు నీళ్ళు కాచాను, లీటరు నీళ్ళకి ఐదు నిమిషాలు పట్టింది. మా ఇంట్లో వచ్చేవి ఉప్పు నీళ్ళు, రెండో నెలకి అడుగున తెల్లగా పొర కట్టింది. మీవి మంచినీళ్ళైతే ఇంత తొందరగా కట్టకపోవచ్చు. మూత బిగువు. చేతుల్లో పట్టు లేనివాళ్ళకి ఇది పనికిరాదు.

ఎవరికి పనికిరాదో చెప్పే ఆ ఆఖరి ముక్క దాదాపు ప్రతిదానిలోనూ ఉండేది. నాకది చాదస్తంగా అనిపించేది. నెల తర్వాత కింద ఎవరో రాశారు, "మా అమ్మకి కీళ్ళ నొప్పులు. మీరు రాసింది చూసి మూత సులువుగా వచ్చేది కొన్నాం" అని. అత్తయ్య అది రెండుసార్లు చదివించుకుంది. లేచి వెళ్ళి కడిగేసిన గిన్నెలే మళ్ళీ కడిగింది. ఆవిడకి సంతోషమొస్తే అంతే.

ఇక నా సంగతి. మామయ్య నన్ను గబగబమ్మా అని పిలుస్తాడు. కారణం ఉంది. తినడం గబగబా, నడవడం గబగబా, టైపింగ్ అంతకన్నా గబగబా. అత్తయ్య నెమ్మదిగా, చెప్పిన మాటే మళ్ళీ చెప్తూ చదివేది. "ఈ స్టీలు టిఫిన్ డబ్బా... ఈ స్టీలు టిఫిన్ డబ్బా మూత..." అని. పేజీ పైన అంత పెద్ద అక్షరాల్లో వస్తువు పేరుండగా మళ్ళీ మళ్ళీ ఎందుకు దండగ అనుకునేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం సినిమా టైముకి వెళ్ళాలి, స్నేహితురాళ్ళు బస్టాపులో ఎదురుచూస్తుంటారు. పేర్లున్నచోటల్లా కత్తిరించి, ఇది అని కొట్టేదాన్ని. ఆవిడ తెర చూడదు. ఎవరికి తెలుస్తుంది?

ఒకసారి రెండు మెట్ల పీట వచ్చింది. వంటింట్లో పై అరలు అందుకోవడానికి కొన్నది. తన బరువు అరవై ఎనిమిది కిలోల నాలుగు వందల గ్రాములని గ్రాములతో సహా తెలిసిన మనిషి ఆవిడ. రోజూ దాని మీదెక్కి ఒకసారి మధ్యలో, ఒకసారి ఈ మూల, ఒకసారి ఆ మూల నిలబడేది. మామయ్య పేపరు పక్కన పెట్టి, "దిగవోయ్, ఇరుగుపొరుగు చూస్తే డాన్సు నేర్చుకుంటున్నావనుకుంటారు" అనేవాడు. మూడు నెలల తర్వాత చదివింది: "ఈ రెండు మెట్ల పీట మూడు నెలలు వాడాను. రోజుకి పదిసార్లైనా ఎక్కాను. అరవై ఎనిమిది కిలోల బరువుతో పై మెట్టు నాలుగు మూలలా నిలబడి చూశాను. ఈ రెండు మెట్ల పీట ఊగలేదు, కిర్రుమనలేదు. కింద రబ్బరు జారలేదు."

నేను కొట్టింది: "ఇది మూడు నెలలు వాడాను. రోజుకి పదిసార్లైనా ఎక్కాను. అరవై ఎనిమిది కిలోల బరువుతో పై మెట్టు నాలుగు మూలలా నిలబడి చూశాను. ఊగలేదు, కిర్రుమనలేదు. కింద రబ్బరు జారలేదు."

ఐదు స్టార్లు. ఆరు వందల పైచిలుకు మంది ఉపయోగపడిందని నొక్కారు. ఆ రోజు సినిమాకి కూడా టైముకే చేరాను.

మామయ్యది గడియారాల పని. ఇంటి ముందు గదే ఆయన షాపు. కిటికీ కింద బల్ల, బల్ల మీద గాజు మూతల కింద విప్పిన చేతి గడియారాలు, కంటికి నల్ల గొట్టం భూతద్దం, కుడిచేతిలో ట్వీజర్. ఆవగింజలో సగం ఉండే స్క్రూని ఆ ట్వీజర్‌తో పట్టి దాని కన్నంలో దించేవాడు. అప్పుడు నేను పక్కనుంటే ఊపిరి కూడా బిగపట్టుకోవాలి. నెలకోసారి స్కూళ్ళకి, ఆఫీసులకి వెళ్ళి పెద్ద గోడ గడియారాలు కూడా చూసొచ్చేవాడు. దానికి నిచ్చెన కావాలి. ఎప్పుడూ రంగుల షాపు ఆయన్ని బతిమాలి అరువు తెచ్చుకునేవాడు. సొంతది కొందామని అత్తయ్యని రెండేళ్ళుగా అడుగుతున్నాడు. ఆవిడ నోట్‌బుక్‌లో పదకొండు నిచ్చెనల వివరాలు రాసుకుంది, ఒక్కటీ తేల్చలేదు. ఎప్పుడడిగినా, "చూస్తున్నానుగా" అనేది.

"రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నావు. పెళ్ళిచూపులప్పుడు నన్ను కూడా ఇంతసేపు చూసుంటే చేసుకునేదానివేనా?"

"మూడు నెలలు టైమడిగాను. మా నాన్న ఇవ్వలేదు."

మామయ్య పడీ పడీ నవ్వాడు. ఆ జోకు తర్వాత ఏడాది పాటు గడియారాలిచ్చేవాళ్ళందరికీ చెప్పాడు.

అత్తయ్యని వర్క్‌షాపు వాళ్ళు గోడౌన్లలో పెద్ద తూకాలు చూడ్డానికి పది రోజులు వేరే ఊరు పంపారు. ఆ పది రోజుల్లో ఒక మధ్యాహ్నం మామయ్య నాకు ఆఫీసుకి ఫోన్ చేశాడు. గొంతులో పండగ.

"గబగబమ్మా, నిచ్చెన కొనేశాను! మీ అత్తయ్యకి చెప్పకు. వచ్చి చూసి నోరు వెళ్ళబెట్టాలి. ఆవిడ మెచ్చిందే కొన్నానులే. నాకు చెప్పకుండా ఎక్కడో వాడి చూసి రివ్యూ కూడా రాసేసింది దొంగ!"

నా ముందు బిల్టీల కట్ట ఉంది. "సరే మామయ్యా, మంచిది" అని పెట్టేశాను.

ఆవిడ రివ్యూలన్నీ టైపు చేసింది నేను. మేమెప్పుడూ నిచ్చెన గురించి ఒక్క ముక్క రాయలేదని ఈ ప్రపంచంలో అత్తయ్య తర్వాత తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఏ నిచ్చెన మామయ్యా అని ఒక్క మాట అడిగుంటే సరిపోయేది. అడగలేదు. ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే లెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

జరిగిందేమిటంటే, ఆ అమ్మే కంపెనీ వాళ్ళు పీటల అమ్మకం ఆపేశారు. కానీ పేజీ తీసెయ్యలేదు. పైన బొమ్మ మార్చి, పేరు మార్చి, ఆరడుగుల మడత నిచ్చెన పెట్టేశారు. కింద పీటకి వచ్చిన స్టార్లు, రివ్యూలు అలాగే ఉన్నాయి. కొత్త నిచ్చెన అడుగున మా అత్తయ్య పాత మాటలు. పై మెట్టు నాలుగు మూలలా నిలబడి చూశాను, ఊగలేదు, కిర్రుమనలేదు. మామయ్య ఎందుకు కొనడు?

ఐదో రోజున ఒక స్కూలు హాల్లో గడియారం దించడానికి ఎక్కాడు. ఐదో మెట్టు మీద ఉండగా కుడివైపు అడ్డపట్టీ ఊడి నిచ్చెన కాళ్ళు విడిపోయాయి. ఎడమచేత్తో గడియారాన్ని గుండెకి అదుముకున్నాడు, కుడిచెయ్యి నేలకి ఆనింది. మణికట్టు రెండుచోట్ల విరిగింది. గడియారం అద్దం పగల్లేదు, ఒక్క నిమిషం కూడా వెనకపడలేదు. ఆస్పత్రిలో అందరికీ ముందు అదే చెప్పాడు.

అత్తయ్య బస్సు దిగి సంచీతో సహా నేరుగా ఆస్పత్రికి వచ్చింది. మామయ్య పిండికట్టు చెయ్యి దిండు మీద పెట్టుకుని, ఎడమచేత్తో ఫోన్ చాపాడు. "నన్నేమీ అనకు. నువ్వు రాసిందేగా చూసి కొన్నాను" అన్నాడు. ఆవిడ ఫోన్ తీసుకుని నాకిచ్చింది. "చదువు."

చదివాను.

"పీట అని లేదే?"

"లేదు."

"నేను చెప్పలేదా నీకు?"

ఒక్క క్షణం పట్టింది. నిజం చెప్పడానికి ఆ క్షణం చాలు. నేను మాత్రం, "గుర్తులేదత్తయ్యా" అన్నాను.

ఆవిడ నా మొహం కేసి చూసింది, తర్వాత మామయ్య చేతికేసి. "అయితే నేనే మర్చిపోయుంటాను. తప్పు నాదే" అంది. అయినా నేను నోరు తెరవలేదు. ఇంత పిరికిదాన్నని నాకు అంతవరకూ తెలీదు.

"ముందు ఆ పాతదానిలో పీట అని పెట్టు, ఇప్పుడే" అంది. ఆస్పత్రి వరండాలో నిలబడి పెట్టాను. అప్పటికప్పుడు ఆటో ఎక్కి స్కూలుకి వెళ్ళాం. ఆ హాల్లో పడి ఉన్న నిచ్చెనని ఆవిడ నేల మీద కూర్చుని, మామయ్య జేబులోంచి తెచ్చిన భూతద్దం కంటికి పెట్టుకుని అరగంట చూసింది. ఇంటికొచ్చాక నేను కోపంతో ఊగిపోతూ, పైకి చదువుకుంటూ రివ్యూ కొట్టడం మొదలుపెట్టాను: దొంగ వెధవలు, మోసగాళ్ళు, మీ కడుపులు మాడ...

"తీసెయ్" అంది. "తిట్లు చదివి ఎవరూ జాగ్రత్తపడరు. ఎవరో ఒళ్ళు మండి రాసిందిలే అనుకుని పక్కకి పోతారు."

"ఒళ్ళు మండదా మరి?"

"మండుతోంది. దాన్ని నేను చూసుకుంటాను. నువ్వు చెప్పింది కొట్టు."

కొట్టాను. ఈసారి ఒక్క అక్షరం వదల్లేదు. ఈ పేజీలో ముందు రెండు మెట్ల పీట అమ్మేవారు, కింద ఉన్న నా పాత రివ్యూ ఆ పీటది, ఈ ఆరడుగుల మడత నిచ్చెనది కాదు. ఈ నిచ్చెన కొన్న ఐదో రోజు, ఏడోసారి ఎక్కినప్పుడు, డెబ్బై రెండు కిలోల మనిషి ఐదో మెట్టు మీద ఉండగా కుడివైపు అడ్డపట్టీ పిన్ను ఊడింది. ఎడమవైపు పిన్ను చివర మడిచి ఉంది, కుడివైపు పిన్ను మడవలేదు. మీ ఇంట్లో ఈ నిచ్చెన ఉంటే పిన్నులు రెండూ చూడండి. చూసేదాకా ఎక్కకండి.

"మామయ్య చెయ్యి విరిగిందని రాయొద్దా?"

"రాస్తే జాలిపడతారు. వాళ్ళ జాలి నాకెందుకు? వాళ్ళు పిన్ను చూడాలి."

"మరి మూడు నెలలు ఆగవా?" అన్నాను. వేళాకోళం కాదు, నిజంగానే నోట్లోంచి వచ్చేసింది.

"ఆగితే ఇంకెవరో ఎక్కుతారు" అంది.

నాలుగు రోజుల్లో ముగ్గురు రాశారు, తమ నిచ్చెనలకీ కుడివైపు పిన్ను మడత లేదని, కట్టేసి పక్కన పెట్టామని. అందులో ఒకాయన ఇళ్ళకి సున్నాలేసే మనిషి. రెండు వారాలకి ఆ పేజీయే మాయమైంది. కంపెనీ నుంచి క్షమాపణా లేదు, గాడిదగుడ్డూ లేదు.

అప్పుడు అత్తయ్య కొత్త పని పెట్టింది. ఇప్పటిదాకా రాసిన నూట నలభై మూడు రివ్యూలూ మళ్ళీ తెరిచి, ప్రతిదానిలోనూ వస్తువు పేరు, సైజు, కొన్న తారీఖు ఉన్నాయో లేదో చూడాలి. ఆవిడ నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకుంటుంది, నేను తెర మీద ఉన్నది చదవాలి. చదువుతుంటే నా కత్తిరింపులు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. నేనేమైనా తక్కువ తిన్నానా? లేని పేర్లు ఉన్నట్టే చదివేస్తూ, చదువుతూనే చప్పుడు చెయ్యకుండా టైపు చేసేసేదాన్ని. ఆవిడ పెన్సిలుతో టిక్కు పెట్టి పేజీ తిప్పేది. పది ఆదివారాలు ఇలా నడిచింది.

ఈలోగా పిండికట్టు విప్పారు. డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి రోజూ నొక్కమన్నాడు. పట్టు తిరిగొచ్చింది కానీ పూర్తిగా రాలేదు. కప్పు పట్టుకోగలడు, అన్నం కలుపుకోగలడు. ట్వీజర్ పట్టుకుంటే మాత్రం బొటనవేలు వణుకుతుంది. చిన్న స్క్రూ ఎగిరి ఎక్కడో పడుతుంది. చేతి గడియారాలు తెచ్చినవాళ్ళకి వేరే షాపు పేరు చెప్పి పంపడం మొదలుపెట్టాడు. ఆ వేరే షాపు ఆయన మామయ్య దగ్గర పని నేర్చుకున్నవాడే.

మామయ్య ఏడ్చే రకం కాదు, ఎగతాళి చేసే రకం. బంతి నొక్కుతూ, "మీ అత్తయ్య రివ్యూ పుణ్యమా అని ఈ వయసులో బంతాట ఆడుతున్నానే" అనేవాడు. ఇంటికి ఎవరొచ్చినా ఇదే పాట. "చెయ్యి ఏమైంది?" అంటే, "మా ఆవిడ ఐదు స్టార్లిచ్చింది" అనేవాడు. అత్తయ్య ప్రతిసారీ, "అవును, నాదే పొరపాటు" అనేది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క గ్రాము తేడాకి మాట పడని మనిషి.

పదో ఆదివారం నోట్‌బుక్‌లో ఒకే ఒక్క పేజీ మిగిలింది. పీటది. నెలల కిందటే సరిచేసిందే కదా అనుకున్నాను. అత్తయ్య ఫోన్ నా చేతిలోంచి తీసి పక్కన పెట్టి, నోట్‌బుక్ నా ఒళ్ళో పెట్టింది. "ఇది మటుకు నువ్వు ఇందులోంచి చదువు."

ఆవిడ గుండ్రటి చేతిరాత. ఈ రెండు మెట్ల పీట మూడు నెలలు వాడాను. మూడో వాక్యం దాటి నాలుగోదానికి వచ్చేసరికి అక్షరాలు అలుక్కుపోయాయి. ఈ రెండు మెట్ల పీట ఊగలేదు. వెక్కి వెక్కి ఏడ్చాను. "నేనే తీసేశానత్తయ్యా. అన్నిట్లోనూ తీసేశాను. సినిమాకి టైమవుతోందని తీసేశాను. ఆస్పత్రిలో గుర్తులేదన్నది కూడా అబద్ధమే."

"తెలుసు" అంది.

ఏడుపు టక్కున ఆగిపోయింది.

"ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రమే నోట్‌బుక్ చూసుకున్నాను. ఇన్ని ఆదివారాలూ నువ్వు చదువుతూ టైపు చేస్తున్న చప్పుడు కూడా వింటూనే ఉన్నాను. నాకు కళ్ళే సరిగా లేవు, చెవులున్నాయి."

"మరి అడగలేదేం? మామయ్య అన్నన్ని మాటలంటుంటే..."

"మూడు నెలలు కాలేదుగా. నువ్వు చెప్తావో లేదో చూద్దామనుకున్నాను."

ఆవిడ చెయ్యి పట్టుకుని, "చెప్పేశానుగా ఇప్పుడు. క్షమించు" అన్నాను.

అత్తయ్య చెయ్యి వెనక్కి తీసుకుంది. కోపంగా కాదు, పళ్ళెం మీంచి రాయి తీసినంత నెమ్మదిగా. "నాకు చెప్పడంలో ఏముందే? నేను నీ మేనత్తని. కొట్టను, తిట్టను. అది మధ్యలో పెట్టి చూసినట్టే. మూలకి జరుగు" అని ముందు గది వైపు చూపించింది. "చెయ్యి ఆయనది."

ఆ పది అడుగులు నడవడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలీదు. జీవితంలో మొదటిసారి నెమ్మదిగా నడిచాను. మామయ్య కిటికీ కింద కూర్చుని బంతి నొక్కుతున్నాడు. గోడల మీద గడియారాలన్నీ టిక్కుటిక్కుమంటున్నాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మూడు మాటల సంగతి, ఫోన్లో నేను అడగని మాట సంగతి, ఆస్పత్రిలో అబద్ధం సంగతి. ఏదీ కత్తిరించలేదు.

ఆయన బంతి నొక్కడం ఆపేశాడు. తిడతాడేమో, పొమ్మంటాడేమో అని చూస్తున్నాను. చివరికి అడిగాడు, "అయితే ఇన్నాళ్ళూ మీ అత్తయ్య నా చేత ఊరికే మాటలు పడిందా?"

తలూపాను.

లేచి వంటింట్లోకి వెళ్ళాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. వచ్చేటప్పటికి ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బల్ల దగ్గర కూర్చుని, ఒక గాజు మూత ఎత్తి, భూతద్దం కంటికి పెట్టుకుని, ట్వీజర్ తీసి నాకు చాపాడు.

"పట్టుకో. నేను చూస్తాను, నువ్వు పట్టు. గబగబా అంటే మాత్రం గెంటేస్తాను."

మొదటి సాయంత్రం ఏడు స్క్రూలు ఎగరగొట్టాను. ఇద్దరం నేల మీద పాకుతూ వెతికాం. అప్పట్నుంచి రోజూ ఆఫీసు కాగానే నేరుగా అక్కడికే. వేరే షాపుకి పంపిన గడియారాలు ఒకటీ అరా మళ్ళీ వస్తున్నాయి. మామయ్య చెయ్యి ఇక ఇంతకన్నా బాగుపడదని డాక్టరు చెప్పేశాడు. మొన్నొకాయన చెయ్యేమైందని అడిగితే నా వైపు చూసి, "మా మేనకోడలు చెప్తుంది" అన్నాడు. చెప్పాను, మొత్తం.

నేను పనిచేస్తున్నంతసేపూ అత్తయ్య గుమ్మంలో నిలబడి చూస్తుంది. నిన్న మామయ్య ఉండబట్టలేక, "ట్వీజర్ ఎలా పడుతోందోయ్ నీ మేనకోడలు?" అని అడిగాడు.

ఆవిడ క్యాలెండర్ వైపు చూసింది. ఇంకా పది రోజులుంది.